పాజ్ బటన్ ఎవరి చేతిలో ఉంది? శాటిలైట్ టీవీ నుంచి క్యూఆర్ కోడ్ దాకా మన టీచర్లు

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న బటన్ గురించి. పాజ్ బటన్. నేను మాట్లాడేది అర్థం కాకపోతే మీరు ఆపేస్తారు, వెనక్కి లాగి మళ్లీ వింటారు. బోర్ కొడితే స్కిప్ చేస్తారు, అది వేరే సంగతి. కానీ సర్కారు బడిలో టీచర్‌కి ఈ సౌకర్యం అంత తేలిగ్గా రాలేదు. ఆ కథలో మా నెల్లూరు జిల్లా రెండుసార్లు కనిపిస్తుంది.

ముందు 1975కి వెళ్దాం. ఆ ఏడాది ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. నాసా వాళ్ల ఏటీఎస్-6 శాటిలైట్‌ని మన ఇస్రో ఏడాది పాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా ఉన్నాయి. ఊరికో టీవీ, దాంతో పాటు కోళ్ల గూటికి కొట్టే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్. ఒక సెట్‌ని కొలంబోలో ఆర్థర్ సి. క్లార్క్ ఇంట్లో కూడా బిగించారు. శాటిలైట్లతో ప్రపంచమంతా ప్రసారాలు చేయొచ్చని 1945లోనే రాసిన మనిషి కదా, ఆ మాత్రం మర్యాద చేయాలి.

పొద్దున గంటన్నర బడి పిల్లలకి. హిందీ, తెలుగు, కన్నడ, ఒరియా అని నాలుగు భాషలు పంచుకోవాలి కాబట్టి తెలుగు వంతుకి వచ్చింది ఇరవై రెండున్నర నిమిషాలు. ఇప్పుడు ఆ బడిలో ఉన్న అయ్యవారి వైపు నుంచి ఆలోచించండి. అది ఏకోపాధ్యాయ పాఠశాల అనుకోండి. ఐదు క్లాసులు, ఒక్కడే మనిషి. టీవీలో వచ్చేది 5 నుంచి 12 ఏళ్ల పిల్లలందరికీ ఒకటే ప్రోగ్రాం. ఒకటో తరగతి పిల్లోడికి అర్థం కాలేదని ఆపలేడు. ఐదో తరగతి అమ్మాయి మంచి ప్రశ్న అడిగినా, "ఆగమ్మా, అయిపోయాక చెప్తా" అనాల్సిందే. అయిపోయేసరికి ఆ ప్రశ్న ఎక్కడుంటుంది? పాఠం టైమ్ మొత్తం ఆకాశంలో ఉంది, ఈయన చేతిలో స్విచ్ ఒక్కటే ఉంది.

అయితే సైట్ వాళ్లకి ఈ సంగతి తెలియదని కాదు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కానీ దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ ఏడాదిలో రెండు విడతలుగా, విడతకి 12 రోజులు, సుమారు 50,000 మంది ప్రైమరీ టీచర్లకి సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ చూపించి వదిలేయలేదు. రేడియో పాఠాలు పెట్టారు, చేతులతో చేసే ప్రయోగాలు పెట్టారు, కూర్చుని చర్చించుకోమన్నారు. అంటే మెషీన్ ఆన్ చేయడం కాదు, స్క్రీన్ ఆగిపోయాక క్లాసులో ఏం చేయాలో నేర్పారు. 1976 జులై 31తో ప్రయోగం అయిపోయింది.

రెండో అధ్యాయం మాకు దగ్గర్లోనే. వెంకటాచలం నుంచి హైవే మీద దక్షిణంగా గూడూరు, నాయుడుపేట దాటి వెళ్తే సూళ్లూరుపేట, అక్కణ్ణుంచి శ్రీహరికోట. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది గానీ అప్పట్లో నెల్లూరు జిల్లానే. 2004 సెప్టెంబర్ 20న అక్కణ్ణుంచి జీఎస్ఎల్వీ రాకెట్ మీద ఎడ్యుశాట్ ఎగిరింది. 1,950 కిలోల శాటిలైట్, కేవలం చదువు కోసం. ఈసారి కొన్ని సెంటర్ల నుంచి తిరిగి మాట్లాడే వీలు పెట్టారు. మిగతా చోట్ల మాత్రం మళ్లీ చూడటమే. 2010లో దాని పని ముగిసింది.

ఇక మూడోది ఫోన్. వెంకటాచలం మండలం చవటపాలెంలో పుట్టిన వెంకయ్య నాయుడు గారు ఉపరాష్ట్రపతి అయిన కొత్తలో, 2017 టీచర్స్ డే నాడు, దీక్షా పోర్టల్‌ని ప్రారంభించారు. రాజకీయాలు పక్కన పెట్టండి. నేను కోడ్ రాసే ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాకు అందులో నచ్చింది వేరే ఉంది: టెక్స్ట్ బుక్‌లో పాఠం పక్కనే క్యూఆర్ కోడ్. చూడటానికి చాలా మామూలు ఐడియా. కానీ దీంతో వీడియో పాఠం దగ్గరికి వచ్చింది, పాఠం వీడియో దగ్గరికి వెళ్లలేదు. సిగ్నల్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని క్లాసులో నెట్ లేకుండా చూపించొచ్చు. పది నిమిషాల వీడియోలో రెండు నిమిషాలే చూపించి, జవాబు వచ్చేలోపు ఆపి, "ఇప్పుడు ఏమవుతుంది చెప్పండి" అని అడగొచ్చు. టీచర్ నిజంగా నేర్చుకోవాల్సిన డిజిటల్ విద్య ఇదే. ఏ బటన్ ఎక్కడుందో పది నిమిషాల్లో ఎవరైనా చెప్తారు. ఎక్కడ ఆపాలో తెలియాలంటే పాఠమూ తెలియాలి, పిల్లలూ తెలియాలి.

కోవిడ్ వచ్చాక 2020 అక్టోబర్‌లో నిష్ఠా ట్రైనింగ్‌ని కూడా దీక్షాలోకే మార్చారు. 18 మాడ్యూళ్లు. పిల్లల్ని ఊరికే వినేవాళ్లుగా కూర్చోబెట్టొద్దని టీచర్ ఒంటరిగా ఫోన్‌లో విని సర్టిఫికెట్ తీసుకోవాలి. నవ్వొస్తుంది గానీ, ఆ పరిస్థితిలో వేరే దారి కూడా లేదు. అయినా 1975లో 12 రోజులు పెట్టి చేయించిన పని ఇందులో లేదు.

తర్వాత 2022. డిసెంబర్‌లో మన రాష్ట్రం 5,18,740 ట్యాబ్‌లు పంచింది, అందులో 59,176 టీచర్లకి. అదే ఏడాది ఆగస్టులో ఫేస్ రికగ్నిషన్ హాజరు యాప్ వచ్చింది. సొంత ఫోన్‌లో ఎందుకు వేసుకోవాలని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అడిగాయి. మధ్యాహ్న భోజనం ఫొటో, టాయిలెట్ల ఫొటో కూడా అదే ఫోన్‌లో. బయటివాళ్లు దీన్ని "టీచర్లకి టెక్నాలజీ అంటే భయం" అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఒకే ఫోన్‌లో రెండు రకాల యాప్‌లు ఉన్నాయి: ఒకటి టీచర్ వాడేది, ఇంకోటి టీచర్‌ని చూసేది. రెండోదాని నోటిఫికేషన్లే ఎక్కువైతే, మొదటిది తెరిచే ఓపిక ఎక్కడ మిగులుతుంది? టాయిలెట్ ఫొటోల పని 2024లో తీసేశారు.

మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో 1975లో ఆ పెట్టె ముందు కూర్చున్న ఊరివాళ్లైతే, ఒకసారి అడగండి. టీవీ ఆగిపోయాక వాళ్ల అయ్యవారు ఏం చేసేవారో నాకు తెలుసుకోవాలనుంది. వచ్చే వారం కలుద్దాం.