జీవకణముల ఈడ్పుబలము

చర్మము లేచిపోయి గాయమైనప్పుడు, కొన్ని దినములకు దాని అంచులు లోపలికి జరిగి గాయము చిన్నదగుట మనమందరము ఎరిగినదే. ఆ అంచులను లాగునది ఏది? కంటికి కనరాని జీవకణములే. కాని ఈ సంగతి బోధపడుటకు చాలకాలము పట్టినది.

బలమునకును దేహనిర్మాణమునకును గల సంబంధము స్పష్టముగా కనబడినది ఎముకలలో. 1866లో జూరిచ్ నగరమున హెర్మన్ ఫాన్ మేయర్ అను శరీరశాస్త్రజ్ఞుడు తొడఎముకను నిలువుగా కోసి, లోపలి సన్నని పలకల అమరికను చూపించెను. కార్ల్ కూల్మన్ అను ఇంజనీరు దానిని చూచి, బరువులెత్తు క్రేనులో ఒత్తిడి పోవు మార్గములకు తాను గీయు రేఖలు అట్లే ఉండునని గుర్తించెను. మోయు బరువు మారినచో ఎముక నిర్మాణమును తదనుగుణముగా మారునని 1892లో బెర్లిన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ సూత్రీకరించెను. అయితే ఆ మార్పును పసిగట్టునది ఏది? ఆ ప్రశ్న మిగిలిపోయెను.

1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్పపిండపు నాడీకణజాలమును దేహము వెలుపల సజీవముగ పెంచి చూపెను. అటుపిమ్మట కణములు గాజుపై ప్రాకుటను సూక్ష్మదర్శినిలో చూచుట పరిపాటియైనది. ప్రాకు కణము తన క్రింది నేలను పట్టి లాగవలెను గదా! కాని గాజు గట్టిది. కణమెంత లాగినను వంగదు. కనుక ఆ బలము కంటికి చిక్కలేదు.

1980లో ఆల్బర్ట్ హారిస్, పట్రీషియా వైల్డ్, డేవిడ్ స్టోపాక్ అనువారు ఈ చిక్కును విడదీసిరి. సిలికోన్ ద్రవముపై క్షణకాలము మంట తగిలించగా, పాలపై మీగడవలె పలుచని రబ్బరు పొర కట్టినది. దానిపై కణములను వదలగా, అవి లాగినచోట నెల్ల పొర ముడుతలు పడెను. వింతయేమనగా, కణజాలమును అల్లు ఫైబ్రోబ్లాస్టులు ప్రాకుటకు కావలసినదానికన్న ఎంతో ఎక్కువగా లాగుచుండెను. చురుకుగా తిరుగు తెల్లరక్తకణముల ఈడ్పు స్వల్పము. ఇంత బలమెందుకు? మరుసటి యేడు వారే ఫైబ్రోబ్లాస్టులను కొల్లాజెన్ జెల్లులో ఉంచిరి. అవి పీచులను లాగి, స్నాయువులను పోలిన వరుసలుగా తీర్చెను. కణము నడచుటకే గాక, కట్టుటకును లాగుచున్నదన్నమాట!

లాగుట తడిమి చూచుట కూడ. 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్, వారి సహచరులు ఎముకమూలుగునుండి తీసిన మూలకణములను ఒకే పోషకద్రవములో, వేర్వేరు గట్టిదనముగల జెల్లులపై పెంచిరి. మెదడువలె మెత్తగా, 0.1 నుండి 1 కిలోపాస్కల్ ఉన్నచోట నాడీకణ లక్షణములును, 8 నుండి 17 ఉన్నచోట కండర లక్షణములును, 25 నుండి 40 ఉన్నచోట ఎముక లక్షణములును కనబడెను. ఈడ్పును ఆపు మందు వేయగా ఈ భేదము తలయెత్తలేదు. లాగలేని కణమునకు తన నేల తెలియదు.

వోల్ఫ్ నాటి ప్రశ్నకు సమాధానము కణములలోనే ఉన్నది. ఎముకలో బరువును ముఖ్యముగా పసిగట్టునవి అందు పొదిగియున్న ఆస్టియోసైటులను కణములు. గుండెపోటు పిదప ఏర్పడు మచ్చ, ఆరోగ్యకరమైన గుండెకండరముకన్న గట్టిది. అట్టిచోట క్రొత్త కణములను నాటదలచు వైద్యుడు, ఏ కణమును నాటవలెననుటతోపాటు, అది ఎట్టి నేలపై నిలుచునోకూడ విచారింపవలసియున్నది.