నడుమున గట్టిన త్రాడు

సౌదీ అరేబియాలో, 2015లో యునెస్కో వారసత్వస్థానముగా గుర్తించిన హాయిల్ సీమ శిలాచిత్రములలో, షువైమిస్ వద్ద, ధనుర్ధారియైన యొక వేటకాని చుట్టును, నిక్కిన చెవులు, చుట్టుకొన్న తోకలు గల శునకములు పదమూడు నిలిచియున్నవి. వానిలో రెంటి మెడలనుండి సాగిన రేఖలు అతని నడుమును జేరినవి. ఇవి 8,000 ఏండ్లకు పూర్వపువని పండితుల యంచనా.

అంతకంటె నా హృదయమును కదల్చినది ఆ దేశమందలి అల్ ఉలా సమాధి: సుమారు 6,000 సంవత్సరముల క్రిందట మానవులతోపాటు అందు నిక్షిప్తమైన శునకాస్థులలో కీళ్లవాత లక్షణములు గోచరించినవి. వేగము తగ్గిన యా వృద్ధజీవిని ఎవరో విడువక పోషించి, దానితో మెల్లగా నడచియుందురు!

1962లో ఆంగ్లవైద్యుడు జాన్ చార్న్లీ, తుంటికీలున లోహమును, ప్లాస్టిక్కును కూర్చి, అట్టి వ్యాధిచే కుంగిన మనుష్యులకు నడకను మరల నొసగెను. శునకమున్న యింట ఆ నడక మానుట కష్టము. అయినను శస్త్రచికిత్స పిమ్మట బలము చేకూరువరకు శునకపు త్రాడు ఇతరుల చేతనే యుండవలెను, ఒక్క గుంజుపాటుకే పడిపోవు భయము కలదు.