హోండా ఫైర్‌బ్లేడ్, డుకాటీ 916: స్వారీ స్వభావాల్లో తేడా

1992లో జపాన్ సంస్థ హోండా విడుదల చేసిన సీబీఆర్900ఆర్ఆర్ ఫైర్‌బ్లేడ్, 1994లో ఇటలీ సంస్థ డుకాటీ తెచ్చిన 916, రెండూ గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల స్పోర్ట్ మోటార్‌సైకిళ్లు. రెండింటిలోనూ చక్రాల ఇరుసుల మధ్య దూరం ఇంచుమించు 1,400 మిల్లీమీటర్లే అయినప్పటికీ, మలుపులో అవి ప్రవర్తించే తీరు, నడిపేవారి నుంచి కోరే నేర్పు పూర్తిగా వేరు.

ఫైర్‌బ్లేడ్ రూపకర్త తదావో బాబా శక్తిని పెంచడం కంటే బరువును తగ్గించడానికే ప్రాధాన్యమిచ్చాడు. 893 సీసీ ఇంజిన్ ఉన్న ఈ బండి పొడి బరువు, అంటే పెట్రోలు, ఆయిల్ వంటివి పోయకముందు తూగే బరువు, 185 కిలోలు. ఆనాటి 600 సీసీ హోండా స్పోర్ట్ బండి కూడా ఇంచుమించు అంతే తూగేది. ముందు చక్రం 16 అంగుళాలది. తిరుగుతున్న చక్రానికి తన దిశను నిలుపుకునే గైరోస్కోపిక్ గుణం ఉంటుంది కాబట్టి, చక్రం చిన్నదైనకొద్దీ ఆ గుణం తగ్గి బండి త్వరగా వంగుతుంది. వేగంలో ఎడమకు మళ్లాలంటే ఎడమ హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు నెట్టాలి. ఫైర్‌బ్లేడ్‌కు మణికట్టుతో తాకినంత ఒత్తిడి చాలు. అయితే ఈ చురుకుదనానికి మూల్యం లేకపోలేదు: గతుకుల రోడ్డు మీద గట్టిగా యాక్సిలరేటర్ తిప్పితే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకునేది.

మాసిమో తాంబురీని రూపొందించిన 916 ఇందుకు భిన్నం. ఉక్కు గొట్టాలను జాలీలా అతికిన చట్రం, వెనక చక్రాన్ని ఒకే వైపు నుంచి పట్టుకునే స్వింగ్ ఆర్మ్, సీటు కింద సైలెన్సర్లు దీని గుర్తులు. మలుపులోకి వంచడానికి ఇది కొంత బలం అడుగుతుంది. ఎక్కడ బ్రేకు వేయాలో, ఏ దారిన వెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. ఒకసారి వంగాక మాత్రం గీత గీసినట్టు అదే దారిని పట్టుకుని సాగుతుంది. ఈ నిలకడే 916కు అసలైన గొప్పతనం. ఊళ్లో మాత్రం కష్టమే: కిందికి ఉన్న హ్యాండిళ్ల వల్ల శరీరభారం మణికట్ల మీద పడుతుంది, సీటు కింద సైలెన్సర్ల వేడి తగులుతుంది, హ్యాండిల్ ఎక్కువ తిరగదు కనుక ఇరుకు వీధిలో వెనక్కి తిప్పుకోవడం శ్రమ.

ఇంజిన్ల తేడా కూడా అంతే లోతైనది. ఫైర్‌బ్లేడ్‌లో వరుసగా ఉన్న నాలుగు సిలిండర్లలో, ఇంజిన్ ఇరుసైన క్రాంక్ తిరిగే ప్రతి అర చుట్టుకూ ఒకదాంట్లో చొప్పున ఇంధనం మండుతుంది. శక్తి నునుపుగా పెరుగుతూ 10,500 ఆర్‌పీఎం దగ్గర సుమారు 120 హార్స్‌పవర్‌కు చేరుతుంది. 916లో 90 డిగ్రీల కోణంలో అమర్చిన రెండు సిలిండర్ల మంటల మధ్య విరామాలు, క్రాంక్ తిరిగే కొలతలో, 270, 450 డిగ్రీలు. అందుకే దాని మోత తడబడుతున్న లయలో వినిపిస్తుంది. వాల్వులను తెరవడానికే కాక మూయడానికీ స్ప్రింగులకు బదులు క్యామ్‌లనే వాడే డెస్మోడ్రోమిక్ ఏర్పాటు ఇందులో ఉంది. శక్తి 110 హార్స్‌పవర్ లోపు అయినా, తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, బాగా అందడం వల్ల మాటిమాటికీ గేర్లు మార్చే పని ఉండదు.

పందేల ఫలితాలతో ఈ రెండింటినీ తూచడం న్యాయం కాదు. అప్పటి ప్రపంచ సూపర్‌బైక్ పోటీల్లో నాలుగు సిలిండర్ల బండ్లకు 750 సీసీ, రెండు సిలిండర్ల బండ్లకు 1000 సీసీ పరిమితి ఉండేది కాబట్టి ఫైర్‌బ్లేడ్‌కు ప్రవేశమే లేదు. 916 మాత్రం 1994 నుంచి 1996 వరకు వరుసగా మూడేళ్లు రైడర్ల టైటిల్ తెచ్చిపెట్టింది. అయితే సాధారణ రోడ్డు మీద, రోజూ నడిపేవారికి, ఫైర్‌బ్లేడే మెరుగైన బండి.