గెట్టిస్‌బర్గ్‌లో పేలని తుపాకులు

1863 జులైలో, అమెరికా అంతర్యుద్ధంలో, గెట్టిస్‌బర్గ్ దగ్గర మూడు రోజుల పోరు ముగిశాక నేలమీద పడున్న తుపాకులు ఏరితే 27,574 తేలాయి. వాటిలో దాదాపు 24,000 లోడు చేసే ఉన్నాయి! అందులో సగం రెండేసి లోడ్లతో, పావువంతు మూడు నుంచి పది దాకా. ఒకదాంట్లోనైతే ఏకంగా 23.

చంపడం ఇష్టంలేక పేల్చలేదని కొందరంటారు. నాకైతే అంత పెద్ద కారణం అక్కర్లేదనిపిస్తుంది. ఎక్కువ భాగం స్ప్రింగ్‌ఫీల్డ్, ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు. గొట్టం మూతిలోంచి మందు పోసి, తూటా వేసి, కడ్డీతో కూరి, వెనకాల చిన్న రాగి టోపీ పెట్టి పేల్చాలి. టోపీ మర్చిపోయినా, మందు అంటుకోకపోయినా, ఆ హోరులో తన తుపాకీ పేలిందో లేదో సిపాయికి తెలీదు. మళ్ళీ కూరతాడు. లోపలేముందో బయటికి కనబడదు కదా (మన ప్రోగ్రాముల్లాగే). అలాంటిది పేలిస్తే గొట్టమే పగలొచ్చు.

ఇప్పుడు సరదాకి వీటిని కాల్చేవాళ్ళు కడ్డీమీద రెండు గీతలు పెట్టుకుంటారు. ఖాళీ గొట్టంలో ఎంతదాకా దిగుతుందో ఒకటి, సరిగ్గా లోడయితే ఎంతదాకానో ఇంకోటి. ఈ రెండోది మూతికి పైన ఉండిపోయిందంటే తూటా అడుక్కి చేరలేదనో, రెండు పడ్డాయనో అర్థం. మందుకీ తూటాకీ మధ్య ఖాళీ మిగిలినా ప్రమాదమే. గెట్టిస్‌బర్గ్ సిపాయి దగ్గరా కడ్డీ ఉంది గానీ, నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చాల్సినవాడు ఆగి కొలుచుకుంటాడా?