పసిపిల్లల కాలేయవ్యాధి: ఇత్తడి పాలగిన్నె చరిత్ర

ఒకరికి కాలేయము చెడినదని వినినంతనే, “తాగుడు అలవాటున్నదా?” అని అడుగుట లోకములో పరిపాటి. మద్యము కాలేయమునకు శత్రువనుటలో సందేహము లేదు. కాని అదొక్కటియే శత్రువని తలచుట వలన, చుక్కయైన ముట్టని రోగి వ్యాధితోపాటు అపవాదును కూడ మోయవలసివచ్చుచున్నది. ఈ తలంపు ఎంతటి పొరపాటో తెలుపుటకై మన దేశపు వైద్యచరిత్రలోని ఒక విషాదఘట్టమును శ్రోతలకు మనవి చేయ సంకల్పించితిమి. ఇందలి రోగులు ఏడాది, రెండేండ్ల పసివారు. వారిని తాగుబోతులని ఎవరనగలరు?

1887లో సేన్ అను వైద్యుడు ఈ వ్యాధిని మొదట వర్ణించెను. బిడ్డ చిరచిరలాడుచుండును, కడుపు ఉబ్బును, కాలేయము పెరిగి గట్టిపడి చేతికి తగులును. పిమ్మట కామెర్లు వచ్చును, పొట్టలో నీరు చేరును. వ్యాధి ముదిరిన బిడ్డలలో పెక్కుమంది కొద్ది నెలలలోనే కన్నుమూసెడివారు. కొన్ని కుటుంబములలో ఒక బిడ్డ పోయిన తరువాత మరియొక బిడ్డ ఇదే వ్యాధితో పోవుట కలదు. మద్యము పొడసూపని సంప్రదాయ గృహములలోను ఇది కనిపించెను. వంశదోషమని కొందరు, అంటువ్యాధియని కొందరు, ఆహారలోపమని మరికొందరు ఊహించిరి. దాదాపు నూరేండ్లు కారణము తేలలేదు.

1970 తరువాతి సంవత్సరములలో పరిశోధకులకు ఒక జాడ దొరికెను. ఈ పసివారి కాలేయములలో రాగి మితిమీరి పేరుకొనియుండెను. రాగి శరీరమునకు అత్యల్పముగా కావలసినదే. మిగులు రాగిని కాలేయము పైత్యరసము ద్వారా బయటకు పంపును. పసిబిడ్డ కాలేయమునకు ఆ శక్తి ఇంకను పూర్తిగా రాదు. మరి అంత రాగి ఎచ్చట నుండి వచ్చినట్లు?

సమాధానము వంటింటిలో దొరికెను. పుణె నగరపు వైద్యులైన భావే, పండిత్ గారలును, ఇంగ్లండు వైద్యుడు టానరును, వారి సహచరులును 1983లో తమ పరిశీలనలను ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిరి. రోగులైన బిడ్డలకు చాల చిన్నతనముననే పోతపాలు పట్టియుండిరి. ఆ పాలను ఇత్తడి పాత్రలలో కాచి, వానిలోనే నిలువ ఉంచుచుండిరి. ఇత్తడి యనగా రాగి, తుత్తునాగముల మిశ్రమము. కళాయి లేని పాత్రనుండి రాగి పాలలోనికి దిగును; పాలలోని మాంసకృత్తు దానిని పట్టియుంచును. తల్లిపాలలోనో, రాగి అత్యల్పము.

కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచరాదని మన గృహిణులకు తరతరములుగా తెలిసినదే. పులుపు తగిలినచో చిలుము కంటికి కనబడును. కాని పాలలో చేరిన రాగి కంటికి తెలియదు. తల్లి ప్రేమతో పట్టిన పాలలోనే ఆపద దాగియుండెను. ఇందు ఆ తల్లుల దోషమేమియు లేదు.

ఇట్టి కథయే ఆస్ట్రియా దేశపు టిరోలు కొండలలోను జరిగెను. 1900 మొదలు 1974 వరకు అచ్చట 138 మంది శిశువులు ఇటువంటి వ్యాధికి గురియైరని 1996లో వెల్లడియైనది. అచ్చటను కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో ఆవుపాలు కాచెడివారు. పాత్రలు మారినవి, వ్యాధి మాయమైనది. మన దేశమునను స్టీలు, అల్యూమినియము గిన్నెలు వ్యాపించిన కొలదిని ఈ వ్యాధి మిక్కిలి అరుదైనది. ఆ పాలు త్రాగిన బిడ్డలందరును రోగులు కాలేదు. కనుక పుట్టుకతో వచ్చిన బలహీనత కూడ తోడై యుండునని పండితులు భావించుచున్నారు.

ఈ చరిత్ర మనకు నేర్పునదేమి? కాలేయము చెడుటకు త్రోవలు పెక్కు. హెపటైటిసు బి, సి అను వైరసులు రక్తము ద్వారాను, శుభ్రపరచని సూదుల ద్వారాను సోకును. కలుషిత జలము వలన వచ్చు కామెర్లు వేరు. స్థూలకాయము, మధుమేహము కలవారిలో కాలేయమున కొవ్వు చేరి, క్రమముగా దానిని గట్టిపరచవచ్చును. వైద్యుని సలహా లేక చిరకాలము వాడిన మందులును, మూలికలును హాని చేయవచ్చును.

ఉపాయములును పెరిగినవి. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హెపటైటిసు బి నివారణకు టీకాను దేశములోనే తయారుచేసి అందించెను. హెపటైటిసు సి వ్యాధిని నేడు మాత్రలతో దాదాపు అందరికిని నయము చేయవచ్చును. బి వైరసు కలవారితో కలిసి భుజించినంత మాత్రమున అది అంటదు. వారికి వేరుకంచము, వేరుగది అవసరము లేదు.

కాలేయవ్యాధితో జీవించువాడు మద్యమును పూర్తిగా మానవలెను, క్రమముగా పరీక్షలు చేయించుకొనవలెను, పొట్టలో నీరు చేరినచో వైద్యుడు చెప్పినట్లు ఉప్పు తగ్గించవలెను. ఇవి రోగి చేయవలసిన పనులు. ఇంటివారు చేయవలసినది ఒకటి కలదు: నిందను మాని, కారణమును వెదకించుట. నూరేండ్లపాటు పసివారిని బలిగొన్న వ్యాధికి పాలగిన్నెలో జాడ దొరికినది. అడుగవలసిన ప్రశ్న అడిగినందుననే అది దొరికినది.