సొమ్మొకరిది, ఓటొకరిది: న్యూజీలాండ్ రగ్బీ కథ

ఆటల చరిత్ర రాసేవారు సాధారణంగా ఆటగాళ్ళ గురించి రాస్తారు. నాకు మాత్రం మొదటినుంచీ ఆట వెనకనున్న పద్దుల పుస్తకం మీదే ఆసక్తి. టిక్కెట్ల డబ్బు ఎవరి పెట్టెలో పడుతుంది, ఆ పెట్టె తాళంచెవి ఎవరి మొలలో ఉంటుంది, సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తే హక్కు ఎవరికి ఉంది అన్న మూడు ప్రశ్నలూ వేసి చూస్తే ఏ ఆటైనా కొత్తగా కనిపిస్తుంది. ఆ దృష్టితో చూసినప్పుడు న్యూజీలాండ్ రగ్బీ అంత రసవత్తరమైన కథ నాకు మరొకటి తారసపడలేదు. మన పాఠకుల్లో ఈ ఆట పరిచయమున్నవారు తక్కువే కావచ్చు. కోడిగుడ్డు ఆకారపు బంతి, పక్షానికి పదిహేను మంది, నల్ల చొక్కాల్లో ఆడే 'ఆల్ బ్లాక్స్' అనే జాతీయ జట్టు. ఇంతమాత్రం తెలిస్తే ఈ వ్యాసానికి చాలు.

న్యూజీలాండులో ఒకప్పుడు ప్రావిన్సులుండేవి, వాటికి వేరువేరు శాసనసభలుండేవి. 1876లో ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. విచిత్రమేమంటే, అవి పటం మీదనుంచి చెరిగిపోయిన మూడేళ్ళకే రగ్బీలో మళ్ళీ పుట్టాయి. 1879లో కాంటర్‌బరీ, వెల్లింగ్టన్ సంఘాలు, 1881లో ఒటాగో, 1883లో ఆక్లండ్ ఏర్పడ్డాయి. చట్టం చెరిపేసిన సరిహద్దులను ఆటగాళ్ళు తిరిగి గీసుకున్నారన్నమాట. 1892లో వీటన్నిటినీ కలిపి జాతీయ సంఘం పెడదామంటే కాంటర్‌బరీ, ఒటాగో, సౌత్‌లండ్ ససేమిరా అన్నాయి. మరి రెండు మూడేళ్ళకు గాని దిగిరాలేదు. అంటే కేంద్రం ప్రావిన్సులను పుట్టించలేదు, ప్రావిన్సులే కేంద్రాన్ని పుట్టించాయి. ఇక ముందు జరిగే తగాదాలన్నిటికీ బీజం ఇక్కడే ఉంది.

ఆ రోజుల్లో డబ్బు ఎలా వచ్చేదో చెప్పడానికి రాన్‌ఫర్లీ షీల్డు ఒక్కటి చాలు. అప్పటి గవర్నరు రాన్‌ఫర్లీ ప్రభువు బహూకరించిన ఈ డాలును 1902లో తొలిసారి ఆక్లండుకు ఇచ్చారు. ఇది మన ట్రోఫీల వంటిది కాదు. డాలు ఎవరి దగ్గరుంటే వారి ఊరికే వెళ్ళి సవాలు చెయ్యాలి, గెలిస్తే ఎత్తుకుపోవాలి. పాతకాలపు కుస్తీ పోటీల పద్ధతి. ఆట ఎప్పుడూ డాలు ఉన్నవారి మైదానంలోనే కాబట్టి గేటు వసూళ్ళూ వారివే. 1922 నుంచి 1927 దాకా హాక్స్ బే వంటి పల్లెసీమ డాలును నిలబెట్టుకోగలిగింది. 1985 నుంచి 1993 దాకా ఆక్లండు దాన్ని 61 సార్లు కాపాడుకుంది. ఆటగాడికి కూలి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. 1905లో బ్రిటన్ యాత్రకు వెళ్ళిన ఆల్ బ్లాక్స్‌కు దక్కింది రోజుకు మూడు షిల్లింగుల భత్యం. వసూళ్ళు చిన్నవి, ఖర్చులు చిన్నవి, లెక్కలు చూసే కార్యదర్శి జీతం లేని మనిషి. 1976లో ప్రావిన్సులన్నిటికీ కలిపి జాతీయ పోటీ మొదలైనప్పుడు కూడా ఈ పద్ధతి పెద్దగా మారలేదు.

మారింది 1995లో. ఆ ఏడు జూన్ 24న జొహానెస్‌బర్గులో ప్రపంచ కప్పు ఫైనలు. మండేలా దక్షిణాఫ్రికా జట్టు చొక్కా తొడుక్కుని మైదానంలోకి వచ్చిన రోజు కనుక చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది దాని ముందురోజు. జూన్ 23న దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా సంఘాలు కలిసి తమ పోటీల టీవీ హక్కులను పదేళ్ళపాటు రూపర్ట్ మర్డోక్ సంస్థకు 55.5 కోట్ల అమెరికన్ డాలర్లకు అమ్మినట్టు ప్రకటించాయి. ఇందులో ఒక చిక్కుంది. హక్కులైతే అమ్మారు గాని, ఆడవలసిన ఆటగాళ్ళతో ఎవరికీ ఒప్పందాలే లేవు! కాగితం మీద వారంతా ఔత్సాహికులు, ఎవరి మనుషులూ కారు. ఈ సందులో ఇంకొకరు దూరారు. 1977లో ప్రపంచ క్రికెట్‌ను తలకిందులు చేసిన కెరీ పాకర్ దన్నుతో రాస్ టర్న్‌బుల్ అనే ఆస్ట్రేలియన్ 'వరల్డ్ రగ్బీ కార్పొరేషన్' పేరుతో ఆటగాళ్ళకు కాగితాలు పంచడం మొదలుపెట్టాడు. ఆల్ బ్లాక్స్‌లో అత్యధికులు అటే మొగ్గారు.

న్యూజీలాండ్ సంఘం తరఫున వారిని వెనక్కి తెచ్చే పని ఒక పాత కెప్టెను మీద పడింది. ఆయన పేరు జాక్ హాబ్స్ (క్రికెట్ హాబ్స్ కాదు, ఈయన వృత్తిరీత్యా న్యాయవాది). జాష్ క్రాన్‌ఫెల్డ్, జెఫ్ విల్సన్ అనే ఇద్దరు యువకులు ముందుగా సంఘం వైపు సంతకాలు పెట్టడంతో గాలి తిరిగింది. దక్షిణాఫ్రికా ఆటగాళ్ళు కూడా తమ సంఘంతోనే ఉండిపోవడంతో పాకర్ పథకం కూలిపోయింది. ఆగస్టులో అంతర్జాతీయ మండలి పారిస్‌లో సమావేశమై, నూరేళ్ళుగా పట్టుకు వేలాడుతున్న ఔత్సాహిక నియమాన్ని ఎత్తేసింది. ఆదర్శం మారడం వల్ల కాదు, మరో దారి లేక.

1996లో 'సూపర్ 12' మొదలైంది. అందులో న్యూజీలాండ్ జట్లు ఐదు. ఒక్కొక్క జట్టు వెనక కొన్ని ప్రావిన్సులు. ఆటగాళ్ళ ఒప్పందాలు మాత్రం కేంద్ర సంఘం చేతిలోకి పోయాయి. నా ఉద్దేశంలో కథకు మలుపు ఇదే. అప్పటిదాకా డబ్బు కిందనుంచి పైకి, అంటే ఊరి మైదానం గేటునుంచి జాతీయ సంఘానికి పారేది. ఇప్పుడు పైనుంచి, అంటే టీవీ నుంచి కిందకు పారడం మొదలైంది. ప్రావిన్సులు ఏటా కేంద్రం ఇచ్చే నిధుల మీద, అక్కడి జూదపు యంత్రాల ట్రస్టుల విరాళాల మీద ఆధారపడ్డాయి. ఓటు మాత్రం కదలలేదు. కేంద్ర సంఘానికి యజమానులు అప్పటికీ ఇప్పటికీ ప్రావిన్సులే. మన క్రికెట్ బోర్డులోనూ ఓట్లు రాష్ట్ర సంఘాలవే కదా, హైదరాబాదుకొకటి, ఆంధ్రకొకటి. కాని ఇక్కడ డబ్బు పొంగిపొర్లుతోంది కనుక ఆ విషయం ఎవరినీ బాధించదు. ఏభై లక్షల జనాభా ఉన్న దేశంలో బాధిస్తుంది.

చేతిలో డబ్బు ఆడగానే ప్రావిన్సులు ఆటగాళ్ళకోసం ఒకదానితో ఒకటి వేలంపాట పాడుకున్నాయి. 2006లో జాతీయ పోటీని రెండుగా చీల్చారు. 14 జట్లకు జీతాలిచ్చే పోటీ, మిగతా 12 చిన్న ప్రావిన్సులకు 'హార్ట్‌లండ్' పోటీ. పై జట్లకు జీతాల మీద ఏడాదికి 20 లక్షల న్యూజీలాండ్ డాలర్ల పరిమితి పెట్టారు. రెండేళ్ళకే 14 జట్లు కూడా భరించలేమన్నారు. 2008 ఆగస్టులో నార్త్‌లండ్, టాస్మన్ ప్రావిన్సులను తొలగిస్తున్నామని ప్రకటించి, గగ్గోలు పుట్టాక అక్టోబరులో వెనక్కి తీసుకున్నారు. అప్పుడు పద్దుల పుస్తకం ప్రకారం టాస్మన్ దండగ. నెల్సన్ బేస్, మార్ల్‌బరో అనే రెండు చిన్న సంఘాలను కలిపి కుట్టిన మూడేళ్ళ పసిగుడ్డు. ఆ టాస్మనే 2019లో ఒక్క ఓటమి లేకుండా జాతీయ పోటీ గెలిచింది, 2020లో ఆక్లండును 13–12 తేడాతో ఓడించి మళ్ళీ గెలిచింది. లెక్కలు చూసేవాళ్ళ మీద నాకు గౌరవమే. కాని మూడేళ్ళ పద్దు చూసి మొక్కను పీకకూడదని ఈ ఉదంతం గుర్తొచ్చినప్పుడల్లా అనిపిస్తుంది.

ఒటాగో కథ ఇంకా బాధాకరం. కారిస్‌బ్రూక్ మైదానం మీద చేసిన అప్పులు పెరిగిపోయి, 2009లో డునీడిన్ నగరపాలక సంస్థ ఆ మైదానాన్ని 70 లక్షల డాలర్లకు కొని ఆదుకుంది. అయినా తీరలేదు. 2012 ఫిబ్రవరిలో ఒటాగో సంఘం 20 లక్షలకు పైగా బాకీలతో దివాలా తీస్తోందన్న వార్త వచ్చింది. 1881లో పుట్టిన సంఘం! నగరం తనకు రావలసిన 4,80,000 డాలర్లు వదులుకుంది, కేంద్రం అప్పిచ్చింది, ప్రజలు చందాలు వేసుకున్నారు. వార్డుల్లో రోడ్ల గుంతలు పూడ్చవలసిన పన్నుల డబ్బును రగ్బీవాళ్ళ విలాసాలకు ధారపోశారని అక్కడివారు చేసిన విమర్శలో న్యాయముంది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో ఒటాగో హామిల్టన్ వెళ్ళి, 56 ఏళ్ళుగా చేతికందని రాన్‌ఫర్లీ షీల్డును గెలుచుకొచ్చింది. డాలు వస్తే గేటు డబ్బులొస్తాయన్న పాత లెక్క పనిచేస్తుందేమో అనుకునేలోగా, మొట్టమొదటి సవాలులోనే హాక్స్ బే 20–19తో దాన్ని పట్టుకుపోయింది.

2020లో కోవిడ్ వచ్చి కేంద్ర సంఘానికి 3.46 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. సిల్వర్ లేక్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ తలుపు తట్టింది అప్పుడే. వాణిజ్య హక్కుల్లో 12.5 శాతం వాటాకు 38.75 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. 2021 ఏప్రిల్‌లో 26 ప్రావిన్సులూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి. ఆకలిమీదున్నవాడి చేత సంతకం పెట్టించడం ఎంత సులువో చూడండి. అడ్డుపడింది ఆటగాళ్ళ సంఘం. ఆటగాళ్ళు తెచ్చిపెట్టే రాబడిలో మూడోవంతుకు పైగా వాటా వారిదని ఒప్పందముంది, వారి సమ్మతి లేనిదే బేరం కుదరదు. మావోరీల 'హకా' కూడా సరుకైపోతుందన్న భయం దీనికి తోడైంది. చివరికి 2022 జూన్‌లో బేరం తగ్గింది. 20 కోట్లు, 5.71 శాతంతో మొదలై గరిష్ఠంగా 8.58 శాతం. ఆటగాళ్ళు పెట్టిన షరతుల్లో పాలనపై స్వతంత్ర సమీక్ష ఒకటి.

డేవిడ్ పిల్కింగ్టన్ అధ్యక్షతన ఆ సమీక్ష 2023 ఆగస్టులో వెలువడింది. ఈ ఏర్పాటు ఇంత వ్యాపారాన్ని నడపడానికి పనికిరాదనీ, పాలకమండలి సభ్యులందరినీ స్వతంత్రంగా ఎంపిక చెయ్యాలనీ చెప్పింది. చిక్కేమంటే, ఓటు వదులుకోవాలా వద్దా అని తేల్చవలసింది ఓటున్నవారే. 2024 మే 30న వెల్లింగ్టన్‌లో ప్రత్యేక సమావేశం జరిగింది. తమకు వ్యతిరేకంగా జరిగితే వృత్తి క్రీడకు వేరే సంస్థ పెట్టుకుంటామని ఆటగాళ్ళు ముందే హెచ్చరించారు. అయినా పిల్కింగ్టన్ ప్రతిపాదన వీగిపోయింది. తొమ్మిది మందిలో ముగ్గురికైనా ప్రావిన్సు పాలకమండలిలో పనిచేసిన అనుభవం ఉండాలన్న ప్రావిన్సుల ప్రతిపాదన 69–21 ఓట్లతో నెగ్గింది.

ఈ పట్టుదలలో స్వార్థం లేదని నేననను. అప్పులు చేసింది వారే, పాకర్ నాటి భయాన్ని మరిచిపోయిందీ వారే. కాని పన్నెండేళ్ళ పిల్లవాడికి శనివారం పొద్దున్న బంతి అందించే మనిషి ఆ ప్రావిన్సుల కింది క్లబ్బుల్లోనే ఉన్నాడు. ఆయన మాట వినిపించే కుర్చీ ఒక్కటీ మిగలకపోతే ఆల్ బ్లాక్స్ ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్నకు సమీక్షలో నాకు తృప్తికరమైన సమాధానం కనబడలేదు. 2024లో సంఘానికి చరిత్రలోనే అత్యధిక రాబడి, 28.5 కోట్ల డాలర్లు, వచ్చింది. అదే ఏడాది లెక్కల్లో నష్టం 1.95 కోట్లు. 2025లో కొత్త పాలకమండలికి అధ్యక్షుడైనది డేవిడ్ కర్క్. 1987లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు కెప్టెను, సిల్వర్ లేక్ మొదటి బేరాన్ని అడ్డుకున్నప్పుడు ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ఇప్పుడాయన ఆ 26 ప్రావిన్సులకూ జవాబుదారీ.