పావగడ సీమలో దగ్గుకు గృహవైద్యము

జలుబునకు, దగ్గునకు ఇంటియందే మందు కాచుకొనుట తెలుగువారిలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పైకి ఇది స్వల్పవిషయముగా తోచును. కాని ఏ దగ్గుకు కషాయము చాలును, ఏ దగ్గుకు చాలదు అను ప్రశ్న ప్రాణములతో ముడిపడినది. ఆ ప్రశ్నకు తుమకూరు జిల్లా చరిత్రలో విలువగల సమాధానము కలదు.

తుమకూరు జిల్లా ఉత్తరపు కొసనున్న పావగడ తాలూకాను చాలవరకు ఆంధ్రదేశపు నేలయే చుట్టుకొని యున్నది. 1947కు పూర్వము పావగడ మైసూరు సంస్థానమునకును, పొరుగుననున్న మడకశిర మద్రాసు రాజధానిలోని అనంతపురము జిల్లాకును చెందియుండెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు మడకశిర అందు చేరినది. పావగడ మైసూరులోనే నిలచినది. ఏలుబడులు వేరైనను ఇంటిభాష వేరు కాలేదు. రాయచెర్లు వంటి ఊరిపేరు వినిన తెలుగువారికి చెరువులు తలపునకు రాక మానవు. భాషతోపాటు వంటింటి వైద్యమును సరిహద్దునకు ఇరువైపుల ఒక్కటిగానే నిలచినది.

ఈ వైద్యమునకు వలయు ద్రవ్యములు కొలదియే: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, తులసి, వాము, పసుపు, బెల్లము, తేనె. మొదటి మూడింటిని వైద్యశాస్త్రము త్రికటుకము లనును. పావగడ మెట్టసీమ, మిరియము పండు నేల కాదు. మలెనాడు, మలబారు ప్రాంతముల సరకు సంతలకు వచ్చి ఇల్లు చేరవలసినదే. తులసి మాత్రము పెరటిలోనిది. ఈ విధముగా ఒక చిన్న చెంబెడు కషాయములో దూరదేశపు వర్తకమును, ఇంటి పెరడును కలిసియున్నవి.

శాస్త్రమునకును వంటింటికిని గల భేదము కొలతలో కనబడును. శార్‌ఙ్గధర సంహిత ఒక పాలు మందునకు పదునారు పాళ్లు నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచవలెనని విధించినది. ఇంటిలో అవ్వ కొలత చిటికెడు, గుప్పెడు, వేలెడు ముక్క. నీరు సగమునకో పాతికకో దిగిన చాలును. శాస్త్రము పాఠముతో వచ్చినది. ఇది చూచి నేర్చినది. అయినను ఈ రెంటికిని రాకపోకలు లేకపోలేదు. బసవరాజీయము సంస్కృతశ్లోకములతోపాటు తెలుగును చేర్చి, వైద్యమును తెలుగువారికి చేరువ చేసిన గ్రంథము. 2020లో కోవిడు వ్యాపించినపుడు భారతప్రభుత్వ ఆయుష్ శాఖ సూచించిన కషాయములో తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు. ఇందు వంటింటికి క్రొత్తదేమియు లేదు. పాళ్ల లెక్క మాత్రమే క్రొత్తది.

కంచెలయందు పెంచు అడ్డసరము కథ మరింత గమనింపదగినది. దీనిని కన్నడమున ఆడుసోగె యనియు, సంస్కృతమున వాస యనియు అందురు. దీని ఆకు రసమును తేనెతో దగ్గుకిచ్చుట ప్రాచీనము. 1888లో హూపర్ అను రసాయనవేత్త ఈ ఆకునుండి వాసిసిన్ అను పదార్థమును వేరుచేసెను. దాని ఆధారముగా రూపొందిన బ్రోమ్‌హెక్సిన్ అను కఫహరౌషధము 1960ల దశకమున వాడుకలోనికి వచ్చినది. నేటి దగ్గుమందులలో పెక్కింట నుండు ఆంబ్రాక్సాల్ దాని సంతతియే. పెరటి ఆకు సీసాలో చేరి తిరిగి ఇంటికి వచ్చినది.

అయితే ప్రతి దగ్గును జలుబు దగ్గు కాదు. దక్షిణభారతమున క్షయ ప్రబలముగా నున్న కాలమున, బెంగుళూరునందు 1959లో జాతీయ క్షయ సంస్థ వెలసినది. ఆ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనువారు తుమకూరు జిల్లాలో క్షయరోగులను విచారించి, 1963లో ఫలితములను ప్రకటించిరి. గ్రామీణులు అజ్ఞానముచేత రోగమును ఉపేక్షింతురని అప్పటి విద్యావంతుల తలంపు. విచారణలో తేలినది వేరు. రోగులలో అధికసంఖ్యాకులు తమ లక్షణములను గుర్తించి దిగులుపడుచుండిరి; సుమారు సగము మంది అప్పటికే వైద్యశాలల తలుపు తట్టియుండిరి. అట్లు వెళ్లినవారిలో పెక్కురు కఫపరీక్ష లేకయే దగ్గుమందు సీసాతో తిరిగివచ్చిరి. ఐసోనియాజిడ్ వంటి క్షయౌషధము 1952 నాటికే లోకమునకు తెలిసియున్నను, వారి చేతికందినది సీసాలోని తియ్యని మందే.

ఈ చరిత్రలో ఒక సత్యము స్పష్టము. కషాయము ఎంతవరకో పల్లెవాని కుటుంబమునకు తెలియును. అది చాలనప్పుడు వారు మైళ్లు నడచి వచ్చిరి. దగ్గు హద్దు దాటినదని గుర్తింపనిది వారు కాదు, వారిని చూచినవారు. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము, తనంత తానుగా దగ్గుతో వచ్చినవానికే ముందు కఫపరీక్ష చేయవలెనను పద్ధతిని గైకొనుటకు తుమకూరు పల్లెల అనుభవము ముఖ్యమైన ఆధారము.

కావున గృహవైద్యమును మూఢాచారమని త్రోసివేయుటయు తగదు, సర్వరోగహరమని కొనియాడుటయు తగదు. జలుబునకు శొంఠికషాయము హాయి నిచ్చును. ఏడాది నిండని శిశువునకు మాత్రము తేనె నాకించుట ప్రమాదము. దగ్గు రెండు వారములు గడచినను తగ్గనిచో కఫపరీక్ష చేయింపవలెనని నేటి వైద్యనియమము. పొయ్యిమీది చెంబునకు ఒక హద్దు కలదు. ఆ హద్దును గుర్తెరిగిన ఇల్లాలి వివేకమును పెరటి మూలికలతోపాటు ముందుతరములకు అందింపవలసియున్నది.